షుగర్ బీట్ పండించడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు

నిరుడు మార్చిలో భీమదేవరపల్లి వైపు తెలిసిన రైతు పొలానికి వెళ్లాను. మక్కచేను పక్కన 4 గుంటల్లో ఏదో ఆకుకూర ఏపుగా పెరిగి ఉంది. దూరం నుంచి చూస్తే పాలకూర ముదిరిపోయిందేమో అనిపించింది. ఆయన గడ్డపారతో ఒక మొక్కను పెకిలించాడు. తెల్లటి గడ్డ. ముల్లంగి కంటే బాగా లావు, కిందికి బొంగరంలా సన్నబడింది. పక్కన పైనుంచి కింది దాకా ఒక గాడి, ఆ గాడి నిండా మట్టి. తూకం వేస్తే 1.3 కిలోలు వచ్చింది. కడిగి, ఆకు ఉన్న తల కోసేసి మళ్లీ తూస్తే 1.1 కిలో. ముక్క నోట్లో వేసుకుంటే ముందు చెరుకులా తీపి, ఆ వెంటనే గొంతులో గరగర, చివర్లో మట్టి వాసన.

"ఇంత తీపి గడ్డ పండిచ్చినవ్, ఇప్పుడేం జేస్తవే?" అన్నాను.

"ఏం జేస్తమన్నా, బర్రెకేసుడే."

విత్తనం మహారాష్ట్రలో ఉన్న చుట్టం పంపాడట. మొలక ఎగుడుదిగుడుగా వచ్చినా పంట పండింది, తీపీ ఉంది, కానీ కొనేవాడు లేడు. చక్కెర తీయడానికి వేసే ఈ షుగర్ బీట్ గురించి మన దగ్గర జరిగే చర్చ అంతా చివరికి ఈ 4 గుంటల దగ్గరికే వస్తుంది.

బోధన్‌లో మూతపడ్డ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీని మళ్లీ తెరుస్తారా లేదా అన్న మాట వచ్చినప్పుడల్లా దీని పేరు కూడా వినబడుతుంది. చెరుకు తగ్గిపోయింది, ఏడాదంతా నీళ్లు పెట్టే ఓపిక ఎవరికీ లేదు, కాబట్టి ఆర్నెల్లలో వచ్చే బీట్ వేసి, రైతులే సంఘంగా ఏర్పడి నడుపుకుంటే పోలేదా అని. వినడానికి బాగుంది. ఇందులో నిజానికి రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ పంట మన నేలకు, మన ఎండకు సరిపోతుందా అన్నది ఒకటి. సహకార సంఘం దీని చిక్కు విప్పగలదా అన్నది రెండోది. విడదీసి చూస్తేనే అర్థమవుతుంది.

ఇది కూరల బీట్‌రూట్ కాదు, కానీ పాలకూరకు దాయాదే

కూరకు వాడే ఎర్ర బీట్‌రూట్, షుగర్ బీట్, మన అంగట్లో పాలకూరగా అమ్మే రకం, మూడూ ఒకే జాతి మొక్కలు. ఒకదాన్ని ఆకు కోసం, ఒకదాన్ని గడ్డ కోసం, ఒకదాన్ని తీపి కోసం మనుషులు ఏరుకుంటూ పోయారు. బీట్‌లో ఉన్నదీ చెరుకులో ఉన్నదీ ఒకే చక్కెర అని 1747లో బెర్లిన్‌లో మార్గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ 1801లో సైలీషియాలో తొలి బీట్ చక్కెర ఫ్యాక్టరీకి పునాది వేశాడు. తర్వాత బ్రిటన్‌తో యుద్ధంలో సముద్రం మీది చక్కెర ఫ్రాన్స్‌కు రాకుండా పోయేసరికి, 1811లో నెపోలియన్ రైతుల చేత బీట్ వేయించాడు. ఈ రోజు ప్రపంచంలో తయారయ్యే చక్కెరలో సుమారు ఐదో వంతు బీట్‌దే, మిగతాది చెరుకుది.

మంచి గడ్డలో 15 నుంచి 18 శాతం దాకా చక్కెర ఉంటుంది. పుట్టుకతో చలిదేశాల పంట. వేడి ప్రాంతాల్లో కూడా తట్టుకునే రకాలు వచ్చాక, 2000ల్లో మహారాష్ట్రలో దీని మాట గట్టిగా వినిపించింది.

ఒక్క మెలిక ఇక్కడే చెప్పుకోవాలి. బీట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు గడ్డలో తీపి దాచుకుంటుంది, మంచి చలి తగిలాకే రెండో ఏడు పూత పూసి గింజ కడుతుంది. ఆ చలి మన దగ్గర ఎక్కడిది? లక్నోలోని చెరుకు పరిశోధన సంస్థ సైతం బీట్ విత్తనం కోసం ఉత్తరాఖండ్ కొండల్లోని ముక్తేశ్వర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. అంటే మన రైతు ఎన్నేళ్లు పండించినా ఏటా విత్తనం బయటి నుంచి రావాల్సిందే.

నీళ్ల లెక్కలో సగమే చెబుతున్నారు

బీట్ వైపు మాట్లాడేవాళ్లు ముందు చెప్పేది నీళ్ల సంగతే. చెరుకుకు 1,500 నుంచి 2,500 మిల్లీమీటర్ల నీరు కావాలి, బీట్‌కు 500 నుంచి 800 చాలు. మాట నిజమే. ఎకరం నేల మీద 1 మిల్లీమీటరు నీరు నిలిపితే దాదాపు 4,047 లీటర్లు. ఆ లెక్కన 1,800 మిల్లీమీటర్ల చెరుకు ఎకరానికి 73 లక్షల లీటర్లు తాగితే, 600 మిల్లీమీటర్ల బీట్ 24 లక్షల లీటర్లు తాగుతుంది. మూడో వంతు అన్నమాట.

అయితే చెరుకు 12 నెలలు పొలంలో ఉంటుంది, వానాకాలం మొత్తం దాని మీదే కురుస్తుంది. అందులో 700 మిల్లీమీటర్లు పంటకు పట్టిందనుకుంటే బోరు నుంచి, కాలువ నుంచి పెట్టాల్సింది 1,100. బీట్ అక్టోబరు, నవంబరులో వేసే యాసంగి పంట. దానికి వాన సాయం దాదాపు లేనట్టే, 600కు 600 మనమే పెట్టాలి. అప్పుడు తేడా మూడో వంతు నుంచి సగానికి వస్తుంది. ఇంకో మాట. బీట్ వేసేవాడు తీసేసేది చెరుకును కాదు, చెరుకు ఎప్పుడో పోయింది. యాసంగి వరిని తీసేసి వేస్తే నీళ్లు బాగానే మిగులుతాయి. మక్కను తీసేసి వేస్తే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, రెండూ ఇంచుమించు ఒకే నీళ్లు తాగుతాయి.

చౌడు నేల విషయంలో మాత్రం బీట్‌కు పైచేయి ఇవ్వాలి. ఉప్పు తేలిన నేలను తట్టుకోవడంలో మక్క కంటే, చెరుకు కంటే ఇది మొండిది. కాలువ నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి పాడైన ముక్కలున్న రైతుకు ఇది ఉత్తమాట కాదు. అదే నల్లరేగడిలో గడ్డ తీయడం ఒక నరకం. తడి ఉంటే మట్టి వదలదు, ఆరితే గడ్డ విరుగుతుంది. దుబ్బ కలిసిన ఎర్రనేలలో పని సులువు.

మిల్లు ఖాళీ అయ్యే రోజులూ, ఎండ ముదిరే రోజులూ ఒకటే

మన చెరుకు మిల్లులు నవంబరులో మొదలై ఇంచుమించు మార్చికల్లా క్రషింగ్ ఆపేస్తాయి. నవంబరులో వేసిన బీట్ ఏప్రిల్‌లో చేతికొస్తుంది. కాబట్టి ఖాళీగా ఉన్న మిల్లుకు ఇంకో రెండు నెలల పని దొరుకుతుంది కదా అన్నది వాదన. కాగితం మీద ఇంత చక్కగా కుదిరే లెక్క ఇంకోటి కనబడదు.

కానీ ఏప్రిల్ అంటే వరంగల్‌లో 40 డిగ్రీలు దాటే నెల. తవ్విన గడ్డ చచ్చిపోయిన వస్తువు కాదు, ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, దాచుకున్న చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటుంది. ఎండ ఎంత ఎక్కువైతే ఆ ఖర్చు అంత ఎక్కువ. అమెరికాలో రెడ్ రివర్ లోయ రైతులు బీట్ గడ్డలను కొండల్లా కుప్పపోస్తే, అక్కడి చలికి గడ్డకట్టి నెలల తరబడి ఆగుతాయి. మన దగ్గర ఒకటి రెండు రోజుల్లో మిల్లు లోపలికి పోకపోతే తీపి తగ్గుతూ, గడ్డ మెత్తబడి కుళ్లుతుంది. పొలంలోనే ఉంచుదామా అంటే, వేడికి, తడికి నేలలోనే కుళ్లు తెగులు తగులుతుంది. వేడి ప్రాంతాల్లో ఈ పంటను ఎక్కువగా ఏడిపించేది ఆ తెగులే.

రాత్రి చల్లదనం ఉంటేనే గడ్డలో తీపి బాగా చేరుతుంది. ఆ లెక్కన ఆదిలాబాద్, నిర్మల్ వైపు చలికాలం వరంగల్ కంటే అనుకూలం. మొత్తం ఉత్తర తెలంగాణను ఒకే గాట కట్టి మాట్లాడటం సరికాదు.

చెరుకు ఆడే మిల్లులో బీట్ ఆడదు

చాలామందికి తెలియని సంగతి ఇది. చెరుకును రోలర్ల మధ్య పిండుతారు. బీట్‌ను పిండరు. సన్నని పొడుగాటి ముక్కలుగా తరిగి, సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టి తీపిని నీళ్లలోకి దించుతారు. ఆ రసాన్ని సున్నంతో శుభ్రం చేశాక, మరగబెట్టి పలుకు కట్టించే దశ రెండింటికీ ఒకటే. అంటే పాత మిల్లు వెనక సగం పనికొస్తుంది, ముందు సగం కొత్తగా కట్టాలి. గడ్డలు కడగడానికి వేరే ఏర్పాటు, బోలెడు నీళ్లు కూడా కావాలి.

ఇక పొయ్యి సంగతి. చెరుకు తన పిప్పిని తానే కాల్చుకుని మిల్లును నడుపుతుంది, పైగా కరెంటు అమ్ముతుంది కూడా. బీట్ పిప్పి కాల్చేందుకు పనికిరాదు, బొగ్గో మరోటో కొనాలి. చెరుకు సీజన్‌లో మిగిలిన పిప్పిని దాచిపెట్టి ఏప్రిల్‌లో వాడొచ్చు కదా అంటారు కొందరు ఇంజనీర్లు. అది తీసిపారేయాల్సిన మాట కాదు. కాకపోతే దానికి ముందు చెరుకు ఉండాలి.

అలాగని బీట్ పిప్పి వృథా కాదు. అది పశువులకు మంచి దాణా. పాడి బాగా ఉన్న కరీంనగర్, హనుమకొండ జిల్లాల్లో ఈ ముక్క చిన్నది కాదు.

ధర ఎంత ఉంటే రైతు కదులుతాడు?

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. దిగుబడులు ఊహించుకున్నవే, లెక్క తీరు చూడండి. యాసంగి మక్క ఎకరానికి 30 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. 2025-26 మద్దతు ధర 2,400 రూపాయలు, కాబట్టి 72,000. బీట్ ఎకరానికి 20 టన్నులు పండితే, మక్కతో సమానం కావడానికి టన్నుకు 3,600 రావాలి. అంతకు తక్కువైతే తెలిసిన పంటను వదిలి తెలియని దానిలోకి ఎవరూ దిగరు.

మిల్లు వైపు నుంచి చూద్దాం. టన్ను బీట్ నుంచి 130 కిలోల చక్కెర తీస్తే, ముడిసరుకు ఖర్చు కిలోకు సుమారు 27 రూపాయల 70 పైసలు. అదే చెరుకైతే, 2025-26 సీజన్‌కు కేంద్రం పెట్టిన ఎఫ్‌ఆర్‌పీ (మిల్లు రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీకి, అంటే 100 కిలోల చెరుకుకు 10.25 కిలోల చక్కెర వస్తే, క్వింటాలు 355 రూపాయలు, అంటే టన్నుకు 3,550. దాని నుంచి వచ్చేది 102.5 కిలోలు, కిలోకు సుమారు 34 రూపాయల 60 పైసలు. ఇక్కడ బీట్ గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ బొగ్గు ఖర్చు కలపాలి, చెరుకు పిప్పితో వచ్చే కరెంటు డబ్బు పోయినట్టు లెక్క వేయాలి. లారీ మూడు రోజులు గేటు బయట నిలబడి రికవరీ 130 నుంచి 110 కిలోలకు పడిపోయిందా, అక్కడే కిలో ఖర్చు 32 రూపాయల 70 పైసలకు ఎక్కుతుంది. లాభం అనుకున్నది గేటు దగ్గరి వరుసలోనే ఆవిరైపోతుంది.

ఇంకో తేడా చట్టంలో ఉంది. ఎఫ్‌ఆర్‌పీ చెరుకుకే. 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మిల్లు 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, లేకపోతే 15 శాతం వడ్డీ కలపాలి. అది ఎంతవరకు అమలైందో పాత చెరుకు రైతులను అడిగితే చెబుతారు, అయినా పట్టుకుని అడగడానికి కాగితం అంటూ ఒకటి ఉంది. బీట్‌కు ఆ కాగితమే లేదు. మద్దతు ధర జాబితాలోనూ లేదు. ధర అంటే కొనేవాడు, అమ్మేవాడు రాసుకున్న ఒప్పందమే.

'సహకార' అన్న ఒక్క మాటలో నాలుగు సంగతులు

సంఘం పెడదాం అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కో బొమ్మ ఉంటుంది. అందుకే మీటింగుల్లో ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు.

మొదటిది ఉమ్మడి సేద్యం. గెట్లు తీసేసి, భూములు కలిపి దున్ని, పంటను పంచుకోవడం. 1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఇదే దారి అని తీర్మానించింది. దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్లలో మన ఎన్.జి. రంగా ఒకరు. ఆ ఏడే పుట్టిన స్వతంత్ర పార్టీకి ఆయనే తొలి అధ్యక్షుడు. రైతు నుంచి భూమి మీది హక్కు జారిపోతుందన్నది ఆయన భయం. ఈ రోజుకీ ఉత్తర తెలంగాణలో గెట్టు జరిపితేనే పంచాయితీ అవుతుంది, తీసేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా రైతు భరోసా పడేది పాసుబుక్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే. కాబట్టి ఈ బొమ్మను పక్కన పెట్టేయొచ్చు.

రెండోది, ఎవరి పొలం వాళ్లదే, కానీ విత్తనం, ఎరువు, అప్పు, అమ్మకం కలిసి చేసుకోవడం. దీనికి మంచి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు, ముల్కనూరు ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ఆ సంఘం రైతుకు అప్పిస్తుంది, ఎరువులు అమ్ముతుంది, పంట కొంటుంది, వరి విత్తనం తయారుచేస్తుంది, బియ్యం మిల్లు నడుపుతుంది. అక్కడి కిటుకు అప్పూ అమ్మకమూ ఒకే గుమ్మం దగ్గర ఉండటం. పంట సంఘానికే వస్తుంది కాబట్టి అప్పు వసూలవుతుంది, అప్పు వసూలవుతుంది కాబట్టి మళ్లీ అప్పు పుడుతుంది. ఇప్పుడు ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) అని పిలుస్తున్నవి కూడా ఈ కోవలోవే. కంపెనీ చట్టం కింద 10 మంది రైతులు చాలు, 2020లో వచ్చిన 10,000 ఎఫ్‌పీఓల పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది కావాలి.

మూడోది, ఫ్యాక్టరీయే రైతులది కావడం. ఇది మనకు కొత్త కాదు. 1930ల్లోనే ఏటికొప్పాకలో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1950 ప్రాంతంలో మహారాష్ట్రలోని ప్రవరలో విఖే పాటిల్, ధనంజయరావ్ గాడ్గిల్ పెట్టినది తర్వాత ఆ రాష్ట్ర రాజకీయాన్నే మార్చింది. నిజామాబాద్ పక్కన సారంగాపూర్‌లోనూ సహకార షుగర్ ఫ్యాక్టరీ నడిచింది.

నాలుగోది ఒప్పంద సేద్యం. ఇది సహకారం కానే కాదు, కంపెనీ విత్తనం ఇచ్చి పంట తీసుకుంటుంది. కానీ కంపెనీలు సంఘాల ద్వారానే మాట్లాడతాయి కాబట్టి జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు.

300 మంది పండిస్తే మిల్లుకు రెండున్నర రోజుల మేత

రెండో రకం సంఘం బీట్‌కు సరిపోతుందా? 300 మంది, తలా ఒక ఎకరం. ఎకరానికి 20 టన్నులంటే మొత్తం 6,000 టన్నులు. ఊరి లెక్కలో అది పెద్ద గుట్ట. రోజుకు 2,500 టన్నులు ఆడే మిల్లుకు అది రెండున్నర రోజుల మేత. అలాంటి మిల్లు 100 రోజులు తిరగాలంటే 2.5 లక్షల టన్నులు కావాలి, అంటే 12,500 ఎకరాలు. రోజూ 125 ఎకరాల గడ్డ తవ్వి, కడిగి, గేటు దాటించాలి. పైగా తెగుళ్ల వల్ల అదే చేనులో మూడు నాలుగేళ్ల దాకా మళ్లీ బీట్ వేయకపోవడం మంచిది. అప్పుడు చుట్టుపక్కల 40,000 నుంచి 50,000 ఎకరాలు బీట్‌కు అనువైనవి ఉండాలి.

మక్కకు ఈ గొడవ లేదు. ధర లేకపోతే ఆరబెట్టి ఇంట్లో పోసుకోవచ్చు, కోళ్ల ఫారానికి అమ్మొచ్చు. చెరుకు మిల్లు మోసం చేస్తే గానుగ పెట్టి బెల్లం వండుకోవచ్చు. బీట్ రసంలోని మట్టి వాసన, చేదు వల్ల దాని బెల్లం ఎవరూ నోట పెట్టరు. కొనేవాడు ఒక్కడే, సరుకు ఆగేది రెండు రోజులే. బేరమాడటానికి సంఘం ఉంది కదా అంటే, గేటు బయట లారీలో గడ్డ కుళ్లుతుంటే 300 మంది కలిసి ఆడే బేరం కూడా ఒక్కడు ఆడే బేరంలాగే ఉంటుంది. నా దృష్టిలో ఈ పంటకు సంబంధించి అసలు కీలకం ఇదే: కలిసి పండించడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు, తరిగే యంత్రం ఎవరిది అన్నదే తేల్చాలి.

అమెరికాలో రెడ్ రివర్ లోయ రైతులు చేసింది అదే. అక్కడి అమెరికన్ క్రిస్టల్ షుగర్ కంపెనీని 1973లో బీట్ రైతులే కొనేసి సహకార సంస్థగా మార్చుకున్నారు. అక్కడ షేరు అంటే డివిడెండు కాగితం కాదు. ఇంత బీట్ వేసి తెచ్చే హక్కు అది, వేసి తీరాల్సిన బాధ్యత కూడా. మిల్లుకు సరుకు గ్యారంటీ, రైతుకు గేటు గ్యారంటీ. ఫ్రాన్స్‌లో తెరెయోస్, నెదర్లాండ్స్‌లో కోసున్ కూడా రైతుల సహకార సంస్థలే. కాకపోతే అక్కడి రైతు వందల ఎకరాల ఆసామి, షేరు కొనడానికి బ్యాంకు వెంటపడి అప్పిస్తుంది. రెండెకరాల రైతు షేరు డబ్బుతో ఫ్యాక్టరీ లేవదు, సర్కారు డబ్బు పెట్టాలి. సర్కారు డబ్బుతో పాటు సర్కారు పెత్తనమూ వస్తుంది.

డబ్బు తూకానికా, తీపికా?

సంఘంలో మొదటి తగాదా ఇక్కడే మొదలవుతుంది. రాజయ్య, లచ్చవ్వ అని ఇద్దరు సభ్యులున్నారనుకుందాం. రాజయ్య యూరియా దండిగా వేశాడు, గడ్డలు పెద్దగా ఊరాయి. కాంటా మీద 22 టన్నులు. మట్టి 10 శాతం పోతే 19.8 టన్నులు, అందులో చక్కెర 14 శాతం. లచ్చవ్వ యూరియా తగ్గించింది, ఆఖరి తడి ముందే ఆపింది. కాంటా మీద 19 టన్నులు, మట్టి 5 శాతం పోతే 18.05 టన్నులు, చక్కెర 17 శాతం.

తూకానికి టన్నుకు 3,600 ఇస్తే రాజయ్యకు 79,200, లచ్చవ్వకు 68,400. అదే గడ్డలోని చక్కెర కిలోకు 25 రూపాయల లెక్కన ఇస్తే రాజయ్య తెచ్చిన 2,772 కిలోలకు 69,300, లచ్చవ్వ తెచ్చిన 3,068 కిలోలకు సుమారు 76,700. మిల్లు జేబులోంచి పోయేది రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు అంతే. ఎవరు నవ్వుతూ ఇంటికి పోతారన్నది మాత్రం తిరగబడింది.

తీపికి ఇవ్వడమే న్యాయం అని ఎవరైనా అంటారు. చిక్కు ఎక్కడంటే, ప్రతి ట్రాక్టరు నుంచి నమూనా తీసి, కడిగి, మట్టి ఎంతో, తీపి ఎంతో కొలిచే మనిషిని రైతు నమ్మాలి. వడ్ల కొనుగోలులో 'తరుగు' అన్న మాట వింటేనే మన రైతుకు కడుపు మండుతుంది. కిలోల లెక్క దగ్గరే నమ్మకం లేని చోట, కంటికి కనబడని శాతాన్ని ఎలా నమ్ముతాడు? యూరప్‌లో చాలాచోట్ల నమూనా తీసే గదిలో రైతు సంఘం మనిషి కూడా ఉంటాడు. మన దగ్గర సంఘం చేయగల అతి పెద్ద పని బహుశా అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టడమే.

మన దేశంలో చేసి చూసినవాళ్లు

రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ షుగర్ మిల్లులో 1970ల్లో చెరుకుతో పాటు బీట్ కూడా ఆడించారు. అది ప్రభుత్వ మిల్లు, చలికాలం బాగా ఉండే ప్రాంతం. అయినా ఆ పని నిలబడలేదు. మహారాష్ట్రలో 2000ల్లో జాల్నా జిల్లాలో ఒక సహకార ఫ్యాక్టరీ ప్రయోగాలు చేసింది, పుణె జిల్లా కళస్‌లో బీట్ నుంచి ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) తీసే ప్లాంటు పెట్టారు. పంజాబ్‌లో అమృత్‌సర్ వైపు ఒక ప్రైవేటు మిల్లు రైతులతో బీట్ వేయించింది. ఇన్ని చోట్ల పంటైతే పండింది. మహారాష్ట్ర ఫ్యాక్టరీలు ఇన్నేళ్ల తర్వాత కూడా చెరుకు మీదే నడుస్తున్నాయి. చెరుకుకు ధర చట్టంలో ఉంది, యంత్రం ముందే ఉంది, విత్తనం పొలంలోనే ఉంది. ఆ మూడూ బీట్‌కు కొత్తగా సమకూర్చాలి.

ఇథనాల్ దారి, దిలావర్‌పూర్ భయం

చక్కెర వద్దు, నేరుగా ఇథనాల్ తీద్దాం అన్నది కొత్త వాదన. 2018 జాతీయ జీవ ఇంధన విధానంలో షుగర్ బీట్ పేరు ఉంది. టన్ను చెరుకును పిండి రసం నుంచి నేరుగా తీస్తే సుమారు 70 లీటర్లు వస్తే, టన్ను బీట్ 90 లీటర్లు దాటగలదు. పలుకు కట్టించే యంత్రాలు అక్కర్లేదు. 300 ఎకరాలను పది రోజుల తేడాతో ఆరు విడతలుగా వేస్తే రోజుకు 100 టన్నులు వస్తాయి, అంటే 9,000 లీటర్లు. వినడానికి ఎక్కువే, కానీ మామూలు ఇథనాల్ ప్లాంట్లు రోజుకు 60,000 లీటర్ల నుంచి 2 లక్షల లీటర్ల దాకా తీసేవి. వాటికి ఏడాదంతా నిల్వ ఉండే సరుకు కావాలి. టన్నుకు 380 లీటర్లు ఇచ్చే మక్క గోదాములో కూర్చుని ఉండగా, రెండు నెలలే వచ్చే కుళ్లిపోయే గడ్డ కోసం ఎవరు ముందుకొస్తారు?

ఊళ్ల అభ్యంతరం ఇంకోటి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డు మీద బైఠాయిస్తే పనులు ఆపాల్సి వచ్చింది. నీళ్లు, వాసన, చెరువుల భయం. సంఘం సొంత ఫ్యాక్టరీ అయినా ఆ భయం దానంతటది పోదు. వాటాదారుల ఇళ్లు కూడా ఆ వాసనలోనే ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా నడుపుతారని కొందరు అంటారు. కావచ్చు.

పాత దెబ్బలు

ఉత్తర తెలంగాణ రైతుకు కొత్త పంటంటే భయం లేదు. అంకాపూర్ చుట్టుపక్కల విత్తన పంటలు, పసుపు, ఎర్రజొన్న చూసినవాళ్లకు అది చెప్పక్కర్లేదు. భయం కొనేవాడితోనే. ఎర్రజొన్న బకాయిల కోసం 2008లో ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే కాల్పుల దాకా పోయింది, చివరికి ఆ బకాయి సర్కారే తీర్చాల్సి వచ్చింది. 1930ల చివర్లో నిజాం కాలంలో మొదలైన బోధన్ ఫ్యాక్టరీ ప్రైవేటు వాటా కిందికి వెళ్లి, ముత్యంపేట, మెదక్ యూనిట్లతో పాటు 2015 డిసెంబరులో మూతపడింది. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ అంతకు ముందే ఆగిపోయింది. ప్రైవేటు అయితే ఒకలా, సహకారం అయితే ఒకలా అని వాదించేవాళ్లకు ఈ రెండు గేట్లూ ఒకే జిల్లాలో తాళం వేసి కనబడతాయి.

సహకారం మీద నమ్మకం ఉన్నవాళ్లు ముల్కనూరును చూపిస్తారు, లేనివాళ్లు సారంగాపూర్‌ను చూపిస్తారు. తేడా ఒకటుంది. ముల్కనూరు ఏ ఒక్క పంట మీదా, ఏ ఒక్క యంత్రం మీదా ఆధారపడలేదు. ఒక పంట పోతే ఇంకో పంట. చక్కెర ఫ్యాక్టరీకి ఆ వెసులుబాటు ఉండదు, ఒక్క ఏడాది గడ్డ రాకపోతే జీతాలు ఆగుతాయి.

గడ్డకు ఇంకో గిరాకీ

మళ్లీ ఆ 4 గుంటల దగ్గరికి వద్దాం. పశువుల మేత కోసం పెంచే బీట్ రకాలు వేరే ఉన్నాయి. రాజస్థాన్ ఎడారి ప్రాంతంలో, ఉప్పునీళ్లతో పండే పచ్చిమేతగా జోధ్‌పూర్ పరిశోధకులు వాటిని పరీక్షించారు. మేతగా చూస్తే బీట్‌కు ఉన్న పెద్ద జబ్బు మాయమవుతుంది. నిల్వ అక్కర్లేదు, ఏ రోజుకారోజు నాలుగు గడ్డలు పీక్కుంటే చాలు, పొలమే గోదాము. పచ్చిమేత దొరకని మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. పాల సంఘాలు బలంగా ఉన్న మా వైపు దీన్ని గుంటల్లో పరీక్షించడానికి ఏ ఫ్యాక్టరీ అనుమతీ అక్కర్లేదు. జాగ్రత్తలున్నాయి. తీపి ఎక్కువ కాబట్టి ఒక్కసారిగా పెడితే బర్రెకు కడుపు పాడవుతుంది, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆకు వాడబెట్టి పెట్టాలి, పచ్చిది ఎక్కువైతే అందులోని ఆగ్జాలిక్ ఆమ్లం మంచిది కాదు.

ఆయన 4 గుంటల్లో సుమారు టన్నున్నర వచ్చింది. రెండు బర్రెలకు రోజుకు 15 కిలోల చొప్పున ముక్కలు కోసి పెడితే 50 రోజులు వచ్చాయి. పాలు పెరిగాయా అంటే, దాణా ఖర్చు తగ్గిందని మాత్రం చెప్పగలనన్నాడు. ఈసారి 6 గుంటలు వేస్తానంటున్నాడు. చుట్టం దగ్గర్నుంచి విత్తనం ఇంకా రాలేదు.